ఏరు అడిగిన పిల్ల

మొన్న చలికాలం వెళ్లబోతుండగా ఇద్దరు పళ్ల సంచీ పట్టుకుని ఖమ్మంలో మా ఇంటికి వచ్చారు. ఒకతను సుధాకర్, మా ఊళ్లో నాతోపాటు చదివిన వాడి కొడుకు, ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. రెండో అతను ఏమీ మాట్లాడకుండా సెల్‌ఫోన్‌తో నన్నూ, నా పుస్తకాల బీరువానూ ఫొటోలు తీస్తూ కూర్చున్నాడు. "మేడమ్, మన ప్రైమరీ స్కూల్ వజ్రోత్సవం చేస్తున్నం. సావనీర్ ఏస్తున్నం. మీరు రెండు పేజీలు రాయాలె," అని సుధాకర్ ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. దాని మీద నేను రాయవలసిన అంశం టైపు చేసి ఉంది: 'మన పాఠశాల – విద్యా ప్రమాణాలు, పిల్లల పట్ల శ్రద్ధ'. నేను కళ్లజోడు సర్దుకుని చదివేలోపే అతను అందుకున్నాడు. "కోయోళ్లు, లంబాడోళ్లు, ఆంధ్ర నుంచి వచ్చినోళ్లు, బొగ్గు బాయి పనోళ్లు, అందరి పిల్లలు ఒక్క బెంచి మీద కూసొని చదివిన బడి మేడమ్ మనది. గసొంటి బడి ఇయ్యాల ఏడున్నది చెప్పుండ్రి? గది రాయుండ్రి. పెద్దసారు ఫొటో కూడ పెడుతున్నం ఆఫీసు రూముల. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయుండ్రి. నెగెటివ్ మాత్రం వద్దు మేడమ్."

ఒక్క బెంచి అట! మా కాలంలో ఆ బడికి బెంచి అనేది ఉంటేగా, ఒకటో రెండో! "బెంచీలు ఎక్కడివి నాయనా?" అన్నాను. "మాటవరసకన్న మేడమ్," అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అయినా రాస్తానన్నాను. వాళ్లు వెళ్లాక ఆ పళ్లు పనమ్మాయికి ఇచ్చేశాను. రాయడానికి కూర్చున్నాను. రెండు పేజీలు ఎప్పుడో దాటిపోయాయి. వేసుకుంటే ఇదే వేసుకోండి, లేకపోతే పొయ్యిలో పెట్టుకోండి. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైన దాన్ని, పొగడ్త రాయడం నాకు రాక కాదు.

మా ఊరు కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. మా తాత కృష్ణా జిల్లా నుంచి మధిర మీదుగా ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చి అక్కడ అడవి కొట్టించి మిరప వేశాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆ అడవి అంతకుముందు ఎవరిదో, వాళ్లు ఎటు పోయారో మాత్రం ఎవరూ చెప్పుకునేవాళ్లు కాదు. మిరపకాయలు కల్లంలో ఆరబోసిన రోజుల్లో ఇల్లంతా ఘాటు. నిద్రలో కూడా తుమ్ములే. నాయనమ్మ వసారాలో నులకమంచం మీద కూర్చుని నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట తాగుతూ ఇంటినంతా ఏలేది. నా వెనక తమ్ముళ్లు వరసగా పుట్టుకొస్తుంటే మా అమ్మకు మంచం దిగే తీరికే ఉండేది కాదు. అందుకని నన్ను చంకన వేసుకుని తిప్పింది జోగమ్మ. అడవిలో కోయ గుంపు నుంచి వేకువనే వచ్చి పేడ తీసి, కల్లాపి చల్లి, కల్లం ఊడ్చి, పొద్దు గూకాక వెళ్లేది. గుంపు అంటే మా వైపు కోయవాళ్ల పల్లె. ఆమె దగ్గర ఎప్పుడూ ఎండిన ఇప్పపువ్వు వాసన వచ్చేది. తియ్యగా, కాస్త పులుపుగా ఉండే ఆ వాసన వస్తే చాలు, ఎంత ఏడుపైనా ఆపేసేదాన్నట.

అట్లా నా నోటికి మొదట వచ్చిన మాటల్లో సగం జోగమ్మ మాటలే. వాళ్ల భాషలో నీళ్లను ఏరు అంటారు. మనకు ఏరు అంటే పారే వాగు. వాళ్లకు కుండలో ఉన్నా ఏరే, గ్లాసులో ఉన్నా ఏరే. దాహం వేస్తే నేనూ ఏరు అనే అడిగేదాన్ని. జోగమ్మ మురిసిపోయేది. ఆమె తాగే చెంబు మాత్రం పశువుల కొట్టంలో గూట్లో వేరేగా ఉండేది. నాయనమ్మ పైనుంచి నీళ్లు పోస్తే ఆమె కింద పట్టుకునేది. అది అంతే, రోజూ పొద్దు పొడిచినంత మామూలుగా జరిగే సంగతి. నేనూ వింతపడలేదు.

ఒకసారి మధిర నుంచి మా మేనత్తకు పెళ్లి సంబంధం వాళ్లు వచ్చారు. భోజనాల దగ్గర నాకు పొలమారింది. "నాయనమ్మా, ఏరు!" అన్నాను. వచ్చినవాళ్లలో ఒకావిడ విస్తరి ముందు నుంచి నన్ను తేరిపార చూసి, "మీ పిల్ల కోయపిల్ల అయిపోయిందే వదినగారూ!" అని పకపకా నవ్వింది. నాయనమ్మ అప్పటికి నవ్వేసి ఊరుకుంది. బండి కదలగానే నన్ను పెరట్లోకి ఈడ్చుకుపోయి అట్లకాడ తిరగేసి వీపు మీద ఎన్ని వేసిందో. "ఇంకొక్కసారి ఆ మాట నీ నోట విన్నానంటే నాలిక కోసి కాకులకేస్తా, గాడిదా!" అంది. జోగమ్మ కల్లం దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి అడ్డుపడితే ఆమెకూ రెండు పడ్డాయి. ఆ రోజు నుంచి మళ్లీ ఆ మాట నేను అనలేదు. వింటే అర్థమయ్యేది, అంతే.

ఇక బడి. రెండు గదులు, పెంకుల కప్పు, ఒక వసారా. సుధాకర్ చెప్పిన నాలుగు రకాల పిల్లలూ ఉన్న మాట నిజమే. ఎట్లా ఉన్నారో అతనికి వాళ్ల నాన్న చెప్పి ఉండడు. ముందు వరసలో చాపల మీద మేము, రైతుల పిల్లలం. మా వెనక బాయి పనివాళ్ల పిల్లలు. వాళ్ల నాన్నలకు నెలజీతం కనక వాళ్లకూ చాపలు ఉండేవి. ఆ వెనక ఉత్త నేల మీద తండా పిల్లలు. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట, కోయ పిల్లలు. వాన జల్లు కొడితే మొదట తడిసేది వాళ్లే. వాళ్లకు పేర్లుండేవి, రిజిస్టరులో కూడా ఉండేవి. పెద్దసారు మాత్రం "ఏయ్ గుంపూ!" అని పిలిచేవాడు. నలుగురైదుగురు ఒకేసారి లేచి నిలబడేవాళ్లు. మేము నవ్వేవాళ్లం.

పెద్దసారు కోస్తా నుంచి వచ్చినవాడు. తెల్లటి పంచె, చొక్కా జేబులో నశ్యం డబ్బీ. అబద్ధమాడితే నాకేం వస్తుంది, ఆయన మాకు బాగా చెప్పాడు. ఇవాళ నా అక్షరం గుండ్రంగా ఉందంటే ఆయన నా వేళ్లు పట్టుకుని దిద్దించిందే. శ్రద్ధ గురించి కూడా రాయమన్నారు కదా, అదీ చెబుతాను. ఒకసారి బళ్లో నాకు జ్వరం వస్తే, తన కండువా తడిపి నా నుదుటి మీద వేసి, సైకిలు మీద కూర్చోబెట్టుకుని స్వయంగా మా ఇంటికి తెచ్చి దింపాడు. దారి పొడుగునా "అయిపోయిందమ్మా, వచ్చేశాం" అంటూనే ఉన్నాడు. మా నాయనమ్మ ఆయనకు గేదె నెయ్యి డబ్బా ఇచ్చి పంపింది. అంత మంచివాడు. కనకనే ఆయన మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. చేతకానివాడైతే క్షమించి ఊరుకునేదాన్ని. ఆయనకు శ్రద్ధ చూపించడం వచ్చు. గుమ్మం దాకా వచ్చేసరికి అది ఆగిపోయేది.

జోగమ్మ కూతురు ముత్తమ్మ నా ఈడుదే, నా తరగతే. మా కల్లంలో ఇద్దరం కలిసే ఆడుకునేవాళ్లం. బళ్లో మాత్రం నేను చాప మీద, అది గుమ్మం దగ్గర. దానికి పలక ఉండేది కాదు, నేల మీదే వేలితో రాసేది. ఎక్కాలు నాకంటే ముందే అప్పజెప్పేది. దానికి చదువు మీద ఎంత ఆశంటే, రోడ్డు మీద బస్సు ఆగితే బోర్డు మీది ఊరి పేరు చదివేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు. కండక్టరు తిట్టినా కదిలేది కాదు. ఐదో తరగతి చివర ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడనీ, గట్టెక్కిన గిరిజన పిల్లలకు భద్రాచలం హాస్టల్లో సీటు ఇస్తారనీ, దానికి పెద్దసారు సంతకం కావాలనీ జోగమ్మ ఎవరి దగ్గరో విన్నది. ఆ ఏడాదంతా పేడ తీస్తూ అదే మాట. "మా ముత్తి హాస్టల్ల చేరితె సాలు బిడ్డా. నా లెక్క పెండ తియ్యకుంట బతుకుతది."

ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు రోజు. ఒంటిపూట బడులు. పొద్దున్నే ఎండ పెటపెటలాడుతోంది. పెద్దసారు రేపటి పరీక్షకు రిహార్సలు పెట్టి ఒక్కొక్కరి చేత పాఠం చదివిస్తున్నాడు. గది మూల కిటికీ కింద నీళ్ల కుండ ఉండేది. ఆ కుండ నా అధీనం. మాకందరికీ గ్లాసుతో ఇచ్చేదాన్ని. గుమ్మం దగ్గరి పిల్లలకు దోసిట్లో పోసేదాన్ని. వాళ్లు కుండ ముట్టుకోకూడదు. ఆ కిటికీలోంచి చూస్తే కింద వాగు కనపడేది. ముత్తమ్మకు చలిజ్వరం వచ్చినట్టుంది. గుంపు నుంచి ఆ అడవి దారంతా నడిచొచ్చి గోడకు జారగిలబడి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దాని వంతు రాగానే లేచింది, తూలింది. పాఠం చదవలేదు. "సార్, ఏరు," అంది.

పెద్దసారు అర్థం కానట్టు చూశాడు. "ఏమిటి?" అన్నాడు. "ఏరు... ఏరు సార్," అని అది కుండ వైపు చెయ్యి చూపించింది. ముత్తమ్మకు నీళ్లు అనే తెలుగు మాట రాదనుకునేరు, నాకంటే బాగా వచ్చు. కానీ జ్వరం తలకెక్కినప్పుడు ఎవరి నోటికైనా తల్లి మాటే వస్తుంది. పెద్దసారు దాని చెయ్యి వెంట చూశాడు. ఆయనకు కుండ కనపడలేదు, కుండ పైన కిటికీ కనపడింది, కిటికీలో వాగు కనపడింది. "ఏటికా? రేపు ఇన్‌స్పెక్టరు గారు వస్తుంటే నీకు ఏటికి పోవాలా? చేపలు పడతావా?" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. అది మళ్లీ "ఏరు" అంది. ఏడుపు మొదలైంది. అప్పుడు ఆయనకే ఏదో అనుమానం వచ్చినట్టుంది. నా వైపు తిరిగాడు. "అమ్మాయ్ విజయా, మీ ఇంట్లో వీళ్లమ్మ పనిచేస్తుందిగా. నీకు వీళ్ల మాటలు వచ్చనుకుంటా. ఏమంటోంది ఇది?"

ఇక్కడ పెద్దసారును తిట్టడం ఆపి, నా సంగతి చెప్పాలి. ఆయన అడిగాడు. ఎవరూ అడగని రోజుల్లో ఆ ఒక్క ప్రశ్న అడిగాడు. నా చేతిలో గ్లాసు ఉంది. తరగతంతా నా వైపు చూస్తోంది. వస్తుందని చెబితే నేను కోయపిల్లనైపోతాను. ముందు వరసలో నా పక్కన కూర్చున్న పిల్లలు ఇక నన్ను బతకనిస్తారా? సాయంత్రానికి ఈ సంగతి నాయనమ్మ చెవిన పడదా? వీపు మీద అట్లకాడ ఇంకా మంటెత్తుతున్నట్టే ఉంది. ముత్తమ్మ నన్నే చూస్తోంది. చూపులో బతిమాలడం కూడా లేదు. నేను చెబుతాననే ధీమాతో చూస్తోంది. "నాకు వాళ్ల మాటలు రావండి. ఏటికి పోతానంటున్నట్టుందండి," అన్నాను.

పెద్దసారు చింతబరికె తీసుకున్నాడు. దాని పిక్కల మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో నేను లెక్కపెట్టలేదు, కుండ మీద మూత సర్దుతూ నిలబడ్డాను. "పో, ఏటికే పో! రేపు ఈ గడప తొక్కావంటే చూడు. నీలాంటిదాన్ని ఇన్‌స్పెక్టరు గారికి చూపించి నా పరువు తీసుకోనా?" అని బయటికి గెంటాడు. అది నిజంగానే వాగుకు పోయింది. ఇంకెక్కడికి పోతుంది దాహం వేసిన పిల్ల? మధ్యాహ్నం పశువుల కాపర్లు వాగు ఒడ్డున రాళ్ల మీద స్పృహ లేకుండా పడి ఉంటే చూశారు. జోగమ్మ భుజాన వేసుకుని రోడ్డెక్కి, ఏదో లారీ ఆపి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది. అది బతికింది. ఈలోగా ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లాడు. నేను పాఠం గడగడా చదివి ఆయన చేత శభాష్ అనిపించుకున్నాను.

వారం తర్వాత జోగమ్మ బడికి వచ్చింది. లోపలికి రాలేదు, వసారా మెట్ల కింద నిలబడి రెండు చేతులూ జోడించింది. "నా బిడ్డ నీళ్లు అడిగింది సారూ. మా మాటల ఏరంటె నీళ్లే. పానం బాలేక అడిగింది. ఒక్క సంతకం చెయ్యి సారూ, నీ కాళ్లు మొక్కుత. వచ్చే సారన్న హాస్టల్ల ఏస్త." పెద్దసారుకు మొహం ఎర్రబడింది. తప్పు ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు. "నాకు కథలు చెప్పకు. మీ దొరగారి అమ్మాయినే అడిగాను. ఆ పిల్లే చెప్పింది ఏటికి పోతానందని. కావాలంటే నువ్వే అడుగు," అన్నాడు. జోగమ్మ నా వైపు చూసింది. "చెప్పు బిడ్డా," అంది. నేను పలక మీద ఏదో గీసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.  జోగమ్మ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అదే రోజు పెద్దసారు ముత్తమ్మ పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన 'బుద్ధిమాంద్యం, బడికి రాదు' అని రాశాడు. ఆ గీత కొట్టేటప్పుడు స్కేలు పట్టుకున్నది కూడా నేనే. పంతులు మీదికే పోయిందని నాయనమ్మ జోగమ్మను పనిలోంచి తీసేసింది. ఆ ఏడాది మా బడి నుంచి హాస్టలుకు ఒక్క పిల్ల కూడా పోలేదు.

ఇంతవరకు రాసి, ఇప్పుడు ఆ బడి ఎట్లా ఉందో చూడకుండా అప్పటి బడిని తిట్టడం న్యాయం కాదనిపించి కిందటి నెల ఊరికి వెళ్లాను. బడి మారింది. గోడల నిండా రంగుబొమ్మలు, ఇంగ్లీషు మీడియం బోర్డు, మధ్యాహ్నం వేడివేడి అన్నం, శుద్ధి చేసిన నీళ్ల కుళాయి. ఆ కుళాయి ఎవరైనా తిప్పుకోవచ్చు, అది చూసి సంతోషించాను. లేదని అంటే నా నోరు పడిపోతుంది. అయితే ముందు వరసలో కూర్చోవలసిన పిల్లలే అక్కడ లేరు. డబ్బున్నవాళ్ల పిల్లలు పసుపు వ్యాన్లలో కొత్తగూడెం పోతున్నారు. నాలుగు రకాల పిల్లల బడి అని సావనీర్లో వేసుకునే ఆ బళ్లో ఇప్పుడు మిగిలింది గుంపు పిల్లలూ, కొద్దిమంది తండా పిల్లలూ. గోడ మీద ఎత్తున ఒక చార్టు వేలాడుతోంది. కోయ మాటలు, పక్కన తెలుగు అర్థాలు. మూడో వరసలోనే ఉంది: ఏరు, నీళ్లు.  అక్కడున్న కుర్ర టీచరును, "ఇవి మీకు వచ్చా?" అని అడిగాను. "ట్రైనింగ్‌ల ఇచ్చిండ్రు మేడమ్. పెట్టమన్నరు, పెట్టినం. మేం చెప్పేది ఇంగ్లిష్‌ల గద, గది ఎందుకు అక్కరొస్తది?" అన్నాడు నవ్వుతూ. మంచివాడిలాగే ఉన్నాడు. మంచివాళ్లతోనే నాకు భయం.

అక్కడి నుంచి గుంపుకు నడిచాను. ముత్తమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఇప్పపువ్వులోంచి ఆకులూ పుల్లలూ ఏరుతోంది. జుట్టు నాకంటే తెల్లబడింది. జోగమ్మ పోయి చాలా ఏళ్లయిందని చెప్పింది. మనవరాలు అదే బళ్లో ఒకటో తరగతట. యోగక్షేమాలు అయ్యాక ఎన్నాళ్లుగానో గొంతులో పెట్టుకున్నది కక్కేశాను. "ముత్తమ్మా, ఆ రోజు నువ్వు నీళ్లు అడిగావని నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను."

అది చెయ్యి ఆపలేదు. "నాకెరికే," అంది.

"ఎప్పటి నుంచి?"

"గా దినం నుంచే. మా అవ్వ సంకలెక్కి తిరిగినదానివి, నీకు తెల్వకపోతదా?"

"మరి మీ అమ్మతో చెప్పలేదా?"

"చెప్పిన. దవాఖానాల కండ్లు తెరవంగనే చెప్పిన. అవ్వ నమ్మలే. గా పిల్ల గట్ల చెయ్యదు, నేను సాదిన పిల్ల, బడి చదువుల పడి మన మాట మరిచిపోయింది గావొచ్చు అన్నది. బడికి వొచ్చి నిన్ను అడిగినంక గూడ గదే అన్నది. లేదవ్వా, అది అబద్ధాలకోరు అన్న." ఇప్పపువ్వు చాటలోకి ఎత్తి చెరిగింది. "నిన్ను గా మాట అన్నందుకు అవ్వ నన్ను కొట్టింది. పానం బాలేని పిల్లనని గూడ సూడకుంట కొట్టింది. సారు కొట్టింది యాదికి లేదు విజ్జీ. గది యాదున్నది."